తిరుపతిలో ఇల్లు తీసుకున్నాం, చుట్టాలు దిగారు

(సాయంత్రం ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి. శ్రోతలు పేర్లు వద్దన్నారు కాబట్టి పేటల పేర్లే ఉంచాం. "హలో, వినబడుతోందా", "టీవీ సౌండ్ తగ్గించండి" లాంటివి చాలావరకు తీసేశాం.)

సమర్పకుడు: అందరికీ నమస్కారం. చదువు అనో, ఉద్యోగం అనో తిరుపతికి వచ్చి కొత్తగా కాపురం పెట్టేవాళ్లు ఇప్పుడు ఎక్కువయ్యారు. రేణిగుంట కంపెనీలు, యూనివర్సిటీలు, ఆస్పత్రులు, ఏదో ఒకటి లాక్కొస్తోంది. బాడుగ ఇల్లు దొరకడం ఒక ఎత్తు, ఆ వీధిలో కుదురుకోవడం ఇంకో ఎత్తు. కుటుంబ సలహాదారు మేడమ్ స్టూడియోలో ఉన్నారు. ఆవిడా ఈ ఊరికి కోడలిగా వచ్చినవారే. మొదటి ఫోన్ బైరాగిపట్టెడ నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (బైరాగిపట్టెడ): నమస్తే అండి. మాది రాజమండ్రి దగ్గరండి. మా ఆయనకి రేణిగుంట వైపు కంపెనీలో ఉద్యోగం. సంక్రాంతి తర్వాత వచ్చాం. బాబుకి నాలుగేళ్లు, పాపకి ఎనిమిది నెలలు. ఇల్లు బానే ఉందండి, మేడ మీద రెండు గదులు, వెనక వరండాలోంచి కొండ కనిపిస్తుంది. సమస్య ఏమిటంటే... చుట్టాలండి.

సమర్పకుడు: (నవ్వు) అప్పుడే వచ్చేశారా?

శ్రోత: నవ్వకండి సార్. మేం అట్టపెట్టెలు విప్పకముందే మా చిన్నత్తగారి వాళ్లు దిగారు. తెల్లవారుజామున స్టేషన్ నుంచి ఫోన్, "తలుపు తీసి ఉంచమ్మా, స్నానాలు చేసి కొండకి వెళ్లిపోతాం" అని. వాళ్లయ్యాక మా పెదనాన్నగారు. ఆ తర్వాత మా ఆయన ఫ్రెండ్ వాళ్ల అత్తమామలు. వాళ్లని నేను మా పెళ్లిలో కూడా చూసిన గుర్తు లేదు. పైకి వెళ్లేముందు స్నానాలు, గుండు చేయించుకుని దిగాక మళ్లీ స్నానాలు. ఆయన నైట్ షిఫ్ట్ చేసి వస్తే పడుకోవడానికి మంచం ఖాళీ ఉండదు. కింద ఓనరు ఆంటీ అయితే మెట్ల దగ్గర చెప్పుల జతలు లెక్కపెడతారండి.

సమర్పకుడు: లెక్కపెడతారా?

శ్రోత: నా కళ్లతో చూశాను. వేలు చూపించి మరీ. మొన్న మధ్యాహ్నం సబ్బు రాసుకున్నాక మా పెద్దమ్మకి నీళ్లాగిపోయాయి. మోటరు వేయండి ఆంటీ అంటే, "మీకొక్కరికే సంపు తవ్వించలేదు కదమ్మా" అన్నారు. పెద్దమ్మ విన్నారు. నాకు ఏడుపొచ్చేసింది.

సలహాదారు: మీ ఆయనేమంటారు?

శ్రోత: స్వామి దర్శనానికి వచ్చేవాళ్లని కాదంటే పాపం అంటారు.

సలహాదారు: పాపం సంగతి తర్వాత చూద్దాం. వంట ఎవరు చేస్తారు?

శ్రోత: నేనేనండి.

సలహాదారు: పక్కలు ఎవరు పరుస్తారు, ఎవరు ఎత్తుతారు?

శ్రోత: నేనే.

సలహాదారు: మరి ఎంతమంది రావాలో, ఎప్పుడు రావాలో చెప్పే హక్కు కూడా మీదేగా. తల్లీ, ఈ ఊళ్లో కాపురం ఉన్న ప్రతి ఇంటికీ ఈ బాధ ఉంది. నాకూ ఉండేది. రావద్దని ఎవరికీ చెప్పక్కర్లేదు. దర్శనం టికెట్టు, ఉండే గది వాళ్లు చూసుకుని రావాలి, మీ ఇంట్లో ఒక పూట భోజనం మీరు పెడతారు. ఇదొక్క మాట మీదే నిలబడండి. నలుగురున్న వాట్సాప్ గ్రూపులో ఒకసారి మర్యాదగా రాసి పెట్టండి. ఆయన వైపు వాళ్లకి ఆయన రాయాలి, మీ వైపు వాళ్లకి మీరు. ఇది తారుమారైతే "కోడలు రానివ్వడం లేదంట" అని ఊరంతా పాకుతుంది.

శ్రోత: ఏమని రాయమంటారండి?

సలహాదారు: "మీరు వస్తే మాకు సంతోషం. ఇల్లు చిన్నది, చంటిపిల్ల ఉంది, ఈయనకి నైట్ డ్యూటీ. గది బుక్ చేసుకుని రండి, దర్శనం అయ్యాక మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికి రావాలి" అని. అంతే. దాని కిందే వివరాలు పెట్టేయండి. 300 రూపాయల దర్శనం టికెట్లు, గదులు టీటీడీ నెలల ముందే ఆన్‌లైన్‌లో పెడుతుంది. తిరుపతిలోనే ఉండాలంటే రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణునివాసం, బస్టాండు దగ్గర శ్రీనివాసం, మాధవం ఉన్నాయి. టికెట్టు లేకుండా వచ్చేవాళ్లకి సర్వదర్శనం టైంస్లాట్ టోకెన్లు విష్ణునివాసం, శ్రీనివాసం, అలిపిరిలో భూదేవి కాంప్లెక్స్, ఈ మూడు చోట్లా ఇస్తారు. రైలు దిగినవాళ్లు రోడ్డు దాటితే విష్ణునివాసం. స్నానం కోసం మీ మేడ మెట్లు ఎక్కాల్సిన పని లేదు.

శ్రోత: అత్తగారు, మామగారు వస్తే కూడా గది అనాలా?

సలహాదారు: అమ్మో, అనకండి. అత్తమామలు, మీ అమ్మానాన్నలు, ఇద్దరి తోబుట్టువులు, వీళ్లు ఇంటివాళ్లు. ఫ్రెండు అత్తమామలు మాత్రం ఫ్రెండుకి అత్తమామలు.

సమర్పకుడు: మరి చెప్పులు లెక్కపెట్టే ఆంటీ?

సలహాదారు: ఆవిడకి ముందురోజే చెప్పండి. "ఆంటీ, రేపు మా అత్తగారి వాళ్లు నలుగురు వస్తున్నారు, రెండు రోజులుంటారు. నీళ్లు చాలకపోతే ట్యాంకరు తెప్పిద్దాం, డబ్బులు నేనిస్తాను." తెలియకుండా నలుగురు దిగితే ఓనర్లకి కోపం. ముందే తెలిస్తే అంత ఉండదు. అవునూ, పాపకి ఎనిమిది నెలలన్నారు. తల్లీబిడ్డ కార్డు తెచ్చుకున్నారా?

శ్రోత: టీకాల కార్డా అండి? అమ్మవాళ్లింట్లో ఉండిపోయింది.

సలహాదారు: ఇవాళే ఫోటో తీసి పంపమనండి, కార్డు కొరియర్‌లో తెప్పించుకోండి. తొమ్మిది నెలలు నిండగానే మీజిల్స్-రుబెల్లా మొదటి డోసు ఉంది. మీ పేటకి దగ్గర్లో ఉన్న పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా వేస్తారు. మామూలుగా బుధవారం, శనివారం టీకాల రోజులు. ఏ ఊళ్లో మొదలుపెట్టినా ఇక్కడ కొనసాగించవచ్చు. అక్కడి నర్సు, అదే ఏఎన్ఎం, దగ్గర పేరు రాయించుకుంటే తర్వాతి డోసు సమయానికి వాళ్లే గుర్తు చేస్తారు. బాబుని ఎక్కడైనా చేర్చారా?

శ్రోత: ఇంకా లేదండి. జూన్‌లో స్కూల్లో వేద్దామని.

సలహాదారు: అప్పటిదాకా అంగన్‌వాడీకి పంపండి, ఆరేళ్ల లోపు పిల్లలందరికీ ఉంది అది. వాడికి ఆటా అవుతుంది, మీకు ఆ తల్లులతో పరిచయమూ అవుతుంది. మీతో ఎవరైనా మాట్లాడుతున్నారా అక్కడ?

శ్రోత: (కాసేపు ఆగి) లేదండి. నవ్వుతారు, అంతే. నా యాస వినగానే "మీదే ఊరు, మీరేమిట్లు" అని అడుగుతారు, ఆ తర్వాత మాటల్లేవు.

సలహాదారు: మీరు వాళ్లని ఏమన్నా అడిగారా?

శ్రోత: ఏమీ అడగలేదండి. కొత్తగా వచ్చాం, ఎవరికీ ఇబ్బంది ఎందుకని అన్నీ మేమే చూసుకుంటున్నాం. ఉప్పు అయిపోయినా ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటాం.

సలహాదారు: ఉప్పు సాయంకాలం పూట అడగొద్దులెండి, ఇవ్వరు. పగలు చిన్న గిన్నెడు పంచదార అడగండి. రాగులు ఎక్కడ ఆడిస్తారు, మిక్సీ బాగుచేసేవాళ్లు ఎక్కడున్నారు, పూలమ్మి ఎన్నింటికి వస్తుంది, ఇవి ఫోన్‌లో వెతక్కండి, పక్కింటామెని అడగండి. మీ ఓనరు ఆంటీ సంగటి చేస్తారా?

శ్రోత: చేస్తారండి, రోజూ మధ్యాహ్నం. కెలికే చప్పుడు పైకి వినిపిస్తుంది.

సలహాదారు: గిన్నె పట్టుకుని కిందికి దిగండి. "ఆంటీ, మా ఆయన కంపెనీ క్యాంటీన్‌లో సంగటి తిని బాగుందన్నారు, నాకు చేయడం రావడం లేదు, ఉండలు కడుతోంది" అనండి. ఎసట్లో బియ్యం మెత్తగా ఉడికాక పిండి కుప్పగా పోసి, కదపకుండా మూతపెట్టి, తర్వాత తెడ్డుతో కెలకాలని ఆవిడే చూపిస్తుంది. అందులోకి ఊరుబిండి పచ్చడి కూడా నేర్పిస్తుంది. చూడండి, ఆ ఇంట్లో ఆ పూట చెప్పుల లెక్క ఉండదు. గిన్నె తిరిగి ఇచ్చేటప్పుడు మాత్రం ఖాళీగా ఇవ్వకండి. మీ వైపు పూతరేకులు ఉంటే రెండు వేసి ఇవ్వండి.

శ్రోత: మా పిన్ని వచ్చే వారం తెస్తానందండి.

సమర్పకుడు: పిన్ని కూడా వస్తున్నారా?

శ్రోత: (నవ్వు) గది బుక్ చేసుకోమంటానండి.

సమర్పకుడు: మంచిదమ్మా. ఇంకో ఫోన్. కొర్లగుంట. చెప్పండి.

శ్రోత (కొర్లగుంట): సార్, నమస్తే. ఆ పాప మాట్లాడిందంతా విన్నాను. నేనూ ఇంటి ఓనరునే. ఆ ఇల్లు మాది కాదు, కానీ చెప్పుల జతలు నేనూ లెక్కపెడతాను. ఎందుకో చెప్పనీండి.

సలహాదారు: చెప్పండమ్మా, మీ మాటా రావాలి.

శ్రోత: ఎండాకాలం వస్తే మా బోరు గంట తిరిగేసరికి గాలి వస్తుంది మేడమ్. కొళాయి నీళ్లు మా వీధికి రోజు విడిచి రోజు. ఆ నీళ్లు సంపులో పట్టి, మోటరేసి పైకి ఎక్కించాలి. ముగ్గురు ఉంటామని చెప్పి ఇల్లు తీసుకున్నారు, శనివారం వస్తే పదిమంది. ట్యాంకరు తెప్పిస్తే డబ్బు నాది. మోటరు కాలితే రిపేరు నాది. అడిగితే ఓనరు గయ్యాళిది. చెప్పులు కోపంతో కాదు మేడమ్, నీళ్ల లెక్క కోసం చూస్తాం. తెల్లారి ఎన్ని గంటలకి మోటరు వేయాలో తెలియాలి కదా.

సలహాదారు: న్యాయమే. ఇదంతా ఇల్లిచ్చేరోజే కూర్చోబెట్టి చెప్పారా?

శ్రోత: ఆ... అడ్వాన్సు తీసుకునేటప్పుడు ఇవన్నీ ఎవరు మాట్లాడతారు మేడమ్.

సలహాదారు: అప్పుడే మాట్లాడాలి. నీళ్లు ఏ రోజు వస్తాయి, మోటరు ఎప్పుడు వేస్తారు, ట్యాంకరు తెప్పిస్తే ఎవరి వాటా ఎంత. కాగితం మీద రాసి మెట్ల దగ్గర అంటించినా తప్పులేదు. సరే, నాదొక ప్రశ్న. కరెంటు బిల్లు ఎలా తీసుకుంటారు?

శ్రోత: సబ్ మీటరు పెట్టించాం. యూనిట్‌కి పది రూపాయలు.

సలహాదారు: మీ ఇద్దరిదీ ఒకే సర్వీసు కదా, బోర్డు మీటరు ఒకటే?

శ్రోత: ఒకటే.

సలహాదారు: మీరు నెలకి ఎంత కాలుస్తారు, వాళ్లెంత?

శ్రోత: అటూ ఇటూగా నూట ఇరవై, నూట ఇరవై వస్తుంది. ఏసీలు లేవు మాకు.

సలహాదారు: రాసుకోండి. స్లాబుల్లో మొదటి 30 యూనిట్లకి 1 రూపాయి 90 పైసలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, ఆ పైన 8.75. మీ 120, వాళ్ల 120 కలిపి ఒకే మీటరు మీద 240 అవుతోంది. దానికి ఎనర్జీ ఛార్జీ సుమారు 1,148 రూపాయలు. మీ పై పోర్షన్ వాళ్లొక్కరే మీకిస్తున్నది ఎంత? 1,200.

శ్రోత: (మౌనం)

సలహాదారు: స్థిర ఛార్జీ, సర్దుబాటు ఛార్జీలు, డ్యూటీ దాని పైన పడతాయి, ఒప్పుకుంటాను. అయినా రెండిళ్ల కరెంటులో చాలా భాగం ఒక ఇంటివాళ్లే కడుతున్నట్టు కదా. అదే రెండు మీటర్లుంటే ఒక్కొక్కరికీ 395 రూపాయల లోపే అయ్యేది. కలిసి కాల్చడం వల్ల పై స్లాబులోకి వెళ్లి సుమారు 360 రూపాయలు ఊరికే పోతున్నాయి. మీకూ లాభం లేదు, వాళ్లకీ లాభం లేదు.

శ్రోత: నేను అంత లెక్క వేయలేదు మేడమ్. వీధిలో అందరూ పదే తీసుకుంటారు.

సలహాదారు: తీసుకుంటారు, నాకూ తెలుసు. వాళ్ల వాకిలి, వంటిల్లు విడిగానే ఉన్నాయి కదా, పై పోర్షన్‌కి రెండో సర్వీసు అడగండి. మన కరెంటు సంస్థ ఎస్పీడీసీఎల్ హెడ్డాఫీసే మన ఊళ్లో ఉంది, 1912కి ఫోన్ చేసినా ఏయే కాగితాలు కావాలో చెప్తారు. అది వచ్చేదాకా వచ్చిన బిల్లుని యూనిట్ల లెక్కన పంచుకోండి. మోటరు కరెంటు మాత్రం చెరిసగం.

శ్రోత: సరే మేడమ్. ఈ నెల బిల్లు వాళ్లకి చూపిస్తాను. ఆ రాజమండ్రి పాపకి చెప్పండి, సంగటి రాకపోతే కొర్లగుంటకి రమ్మనండి, నేను నేర్పిస్తాను.

సమర్పకుడు: విన్నారుగా అమ్మా, బైరాగిపట్టెడ! తర్వాతి ఫోన్.

శ్రోత (లీలామహల్ సర్కిల్ దగ్గర): అన్నా, నాకు రెండు నిమిషాలు చాలు. కొత్తగా పెళ్లయింది, కడప నుంచి వచ్చాం. ఓనరు 11 నెలల అగ్రిమెంట్ ఇచ్చాడు. ఎందుకు 11? ఆధార్‌లో అడ్రస్ దాంతో మారుతుందా? లోకల్ వాళ్లకి దర్శనం ఉందంటారు, అదెట్లా?

సలహాదారు: ఏడాది మించిన లీజయితే 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ చేయించాలి. ఆ ఖర్చు తప్పించుకోవడానికి అందరూ 11 రాస్తారు, భయపడక్కర్లేదు. అందులో అడ్వాన్సు ఎంతో అంకెలో, అక్షరాల్లో ఉండాలి. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఎంత పట్టుకుంటారో ఇప్పుడే రాయించండి, గొడవలన్నీ అక్కడే. చేరేరోజు గోడలు, బాత్రూం, కిటికీల ఫోటోలు తీసి ఓనరుకే వాట్సాప్‌లో పంపేయండి, తేదీతో సహా ఉంటుంది.

శ్రోత: ఆధార్?

సలహాదారు: అద్దె ఒప్పందం చెల్లుతుంది. మీ పేరు, పూర్తి చిరునామా, ఇద్దరి సంతకాలు చక్కగా కనబడాలి. మీది మారాక, ఇంటిపెద్ద ఆధార్ ఆధారంగా మీ ఆవిడది మార్చుకోవచ్చు. ఓటు ఈ చిరునామాకి మార్చుకోవాలంటే ఫారం 8 ఇవ్వాలి. స్థానికుల దర్శనం 2024 డిసెంబరులో మళ్లీ మొదలైంది, నెలలో మొదటి మంగళవారం. తిరుపతి అర్బన్, రూరల్, చంద్రగిరి, రేణిగుంట మండలాల చిరునామా ఆధార్‌లో ఉండాలి. టోకెన్లు ఎలా ఇస్తున్నారో ఆ నెల టీటీడీ ప్రకటన చూసుకుని వెళ్లండి.

శ్రోత: థాంక్స్ మేడమ్. ఇంకొకటి, గ్యాస్...

(లైన్ కట్)

సమర్పకుడు: పోయింది. గ్యాస్ గురించి అడగబోయారు.

సలహాదారు: ఊరు మారితే పాత ఏజెన్సీలో సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి ట్రాన్స్‌ఫర్ వోచరు తీసుకోవాలి. అది లేకుండా సామాన్లతో పాటు సిలిండరు లారీలో వేసుకుని వచ్చేస్తారు. తర్వాత ఇక్కడ ఏజెన్సీ చుట్టూ తిరగాలి.

సమర్పకుడు: చివరి ఫోన్. తాతయ్యగుంట దగ్గరి నుంచి.

శ్రోత (తాతయ్యగుంట దగ్గర): నమస్తే సార్. మాది కరీంనగర్. ఇక్కడ కాలేజీలో చెప్తాను. ఇల్లు గంగమ్మ గుడికి రెండు సందుల అవతల. వచ్చే వారం జాతర చాటింపు అంటున్నారు. పక్కింటి అవ్వ ఏం చెప్పిందంటే, ఒంటికి రంగులు పూసుకున్నోళ్లు వీధుల్లో తిరుగుతారు, బూతులు తిడతారు, చాటింపు అయినాక ఊరు దాటొద్దు అని. మా పాపకి ఐదేళ్లు, చీకట్లో బాత్రూంకి పోవాలన్నా భయపడుతుంది. మా ఆవిడకి టెన్షన్. ఆ వారం కరీంనగర్ పోదామా అని ఆలోచిస్తున్నాం.

సలహాదారు: వెళ్లాలంటే చాటింపు కాకముందే వెళ్లండి, జాతర అయ్యాక రండి. చాటింపు అయ్యాక ఊరి పొలిమేర దాటి రాత్రి బయట ఉండకూడదని ఇక్కడివాళ్ల ఆచారం. బాడుగకి ఉన్న మిమ్మల్ని ఎవరూ పట్టుబట్టరు. కానీ నా మాట వింటే ఉండిపోండి. ఒక్క వారంలో వీధి మొత్తం పరిచయమయ్యేది అప్పుడే.

శ్రోత: పాప సంగతి మేడమ్?

సలహాదారు: ముందే కథ చెప్పండి. పాలెగాడు ఒకడు ఊళ్లో ఆడపిల్లల్ని వేధించేవాడు. అవిలాలలో పుట్టిన గంగమ్మ వాణ్ని పట్టుకోబోతే దాక్కున్నాడు. ఆ తల్లి రోజుకో వేషం వేసి ఊరంతా వెతికింది. వాణ్ని రెచ్చగొట్టి బయటికి రప్పించడానికే ఆ తిట్లు. చివరికి దొర వేషంలో వస్తే వాడు నమ్మి బయటికొచ్చాడు, దొరికిపోయాడు. పిల్లలకి ఈ కథ దాగుడుమూతల్లాగా భలే నచ్చుతుంది.

శ్రోత: మరి బూతులు?

సలహాదారు: మొక్కులో భాగం అండి అవి, మనల్ని ఉద్దేశించి కాదు. బుధవారం బైరాగి వేషం, ఒళ్లంతా తెల్ల నాము. గురువారం బండ వేషం, కుంకుమ. శుక్రవారం తోటి వేషం, బొగ్గు. ఈ మూడు రోజులూ పాపని మిద్దె మీద నుంచి చూపించండి, పక్కన అవ్వని కూర్చోబెట్టుకోండి. కిందికి దింపాలంటే శనివారం దొర వేషం రోజు దింపండి. రాజులాంటి వేషం, పిల్లలు భయపడరు. ఆదివారం మాతంగి, సోమవారం సున్నపు కుండలు, మంగళవారం జాతర. మంగళవారం గుడి దగ్గర జనం విపరీతం. పాప జేబులో మీ ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టండి, చెయ్యి వదలకండి.

సమర్పకుడు: మా ఇంట్లో అయితే చిన్నప్పుడు వేపాకు కట్టి, బొట్లు పెట్టి నన్ను కూడా తిప్పారు. వేషం వేసుకున్న పిల్లవాడికి ఇంకో వేషం అంటే భయముండదు సార్, అనుభవంతో చెప్తున్నాను.

శ్రోత: పాపకి మేం వేషం వేయొచ్చా? వేరే ఊరోళ్లం కదా.

సలహాదారు: ఎవరైనా వేయొచ్చు. అవ్వనే అడగండి, ఆవిడే దగ్గరుండి తయారుచేస్తుంది.

శ్రోత: అవ్వ ఒక మాట అన్నది మేడమ్, నేను తమాషాకి అనుకున్నాను. నన్ను చీర కట్టుకోమంటోంది.

సమర్పకుడు: తమాషా కాదు సార్! మగవాళ్లు చీర కట్టుకుని మొక్కు తీర్చుకోవడం ఇక్కడ మామూలే. మీ కాలేజీ పిల్లలు కూడా కనిపిస్తారు, చూడండి.

శ్రోత: నా స్టూడెంట్లు చూస్తే...

సలహాదారు: వాళ్లూ చీరల్లోనే ఉంటారు, మిమ్మల్ని ఏమంటారు? జాకెట్టు మాత్రం ఇప్పుడే కుట్టించుకోండి. ఆ వారం టైలర్లు ఖాళీగా ఉండరు.